బగ్ రిపోర్టులు కుప్పపడిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ఏ పద్ధతి నప్పుతుంది?

“తెలుగు సరిగ్గా రావడం లేదు, చూడండి.”

మేం నలుగురం కలిసి నడిపే చిన్న నిఘంటువు యాప్‌కు వచ్చిన ఒక బగ్ రిపోర్టు మొత్తం ఇంతే. ఏ ఫోను, ఏ వెర్షను, ఏ పదం దగ్గర తేడా వచ్చింది, ఏమీ లేదు. నలుగురం చూశాం. వివరాలు ఎవరో ఒకరు అడుగుతారులే అనుకున్నాం. ఐదు నెలలు గడిచాక అడిగితే అవతలి నుంచి జవాబు లేదు. ఆ తర్వాత ఇంకొకరు స్క్రీన్‌షాట్ పంపితే తెలిసింది, మొదటి రిపోర్టు అక్షరాలా నిజమని. కొన్ని ఫోన్లలో ర వత్తు అన్నాళ్లూ తప్పుగానే పడుతూ వచ్చింది. సరిచేయడానికి పట్టింది ఒక సాయంత్రం.

అప్పటి నుంచి వేరే ప్రాజెక్టులు ఈ పని ఎలా చేసుకుంటున్నాయో శ్రద్ధగా చూస్తున్నాను. కొన్నింట్లో చెయ్యి కూడా వేశాను. ఈ సంగతి మీద సలహా అడిగే మిత్రులు దాదాపు అందరూ టూల్ దగ్గరే మొదలుపెడతారు. బగ్‌ల చిట్టా నడిపే బగ్‌జిల్లా పెట్టుకోవాలా, కోడ్ దాచుకునే గిట్‌హబ్‌లోనే రిపోర్టులు తీసుకునే ఇష్యూస్ సరిపోతాయా అని. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. వచ్చిన రిపోర్టును ఈ వారంలోగా తెరిచి, పంపిన మనిషికి జవాబు రాసేది ఎవరు? ఇది మొదటిది. దీనికి మీ దగ్గర పేరుతో సహా సమాధానం ఉంటే మిగతా ఎంపికలు చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి.

ట్రయాజ్‌లో ఏ పని ఉంది, ఏది లేదు

ట్రయాజ్ అంటే బియ్యంలో రాళ్లేరడం లాంటి పని. అన్నం వండడం దీని తర్వాతి సంగతి. రిపోర్టు చదివి తేల్చాల్సినవి కొన్నే: ఇది నిజంగా బగ్గేనా లేక కొత్త సదుపాయం కావాలన్న కోరికా, ఇంతకుముందే ఎవరైనా చెప్పారా, నా మెషీన్ మీద కూడా జరుగుతోందా, కోడ్‌లో ఏ భాగానికి చెందింది, ఎంత నష్టం చేస్తోంది. సరిచేయడం ఇందులో లేదు. ఈ రెండు పనులూ కలిపేసుకున్న ప్రాజెక్టులో డెవలపర్ తనకు ఆసక్తి ఉన్న బగ్ తీసుకుని వెళ్లిపోతాడు, మిగతా కుప్ప అలాగే ఉండిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువ సమయం తినేది “నా దగ్గర కూడా జరుగుతోందా” అన్న పరీక్షే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను పడగొట్టిన మన ‘జ్ఞా’ చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కాదు గానీ ట్రయాజ్ నేర్చుకోవడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మామూలుగా టైప్ చేసిన జ్ఞా ఏ ఫోన్‌నూ ఏమీ చేయలేదు. జ, పొల్లు, ఞ, ఆ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్, చివర దీర్ఘం, ఈ వరసలో వస్తేనే యాప్ కూలిపోయేది. ఐఓఎస్ 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. “జ్ఞా అని రాస్తే యాప్ పడిపోతోంది” అన్న రిపోర్టు మీ చేతికి వచ్చిందనుకోండి. మీరు కీబోర్డు మీద జ్ఞా కొట్టి చూస్తారు, ఏమీ కాదు. “నా దగ్గర బాగానే ఉంది” అని మూసేస్తే నిజమైన బగ్‌ను పారేసినట్టే. రిపోర్టు ఇచ్చిన మనిషి పంపిన అక్షరాలను అలాగే కాపీ చేసి పెట్టి చూడాలి. అందుకే మా రిపోర్టు ఫారంలో “తేడా వచ్చిన మాటను ఇక్కడ పేస్ట్ చేయండి, మళ్లీ టైప్ చేయొద్దు” అని ఒక గడి పెట్టాం.

రిపోర్టులు ఎక్కడికి రావాలి

మూడు దారులున్నాయి. ఈమెయిల్, బగ్‌జిల్లా లాంటి ప్రత్యేకమైన బగ్ ట్రాకర్, కోడ్ ఉన్నచోటే ఉండే గిట్‌హబ్ లేదా గిట్‌ల్యాబ్ ఇష్యూస్.

లైనక్స్‌తో పాటు వేల ప్రోగ్రామ్‌లను ప్యాకేజీలుగా కూర్చి ఇచ్చే డెబియన్ 1994 నుంచి ఈమెయిల్ దారిలోనే ఉంది. బగ్ తెరవాలన్నా, తీవ్రత మార్చాలన్నా, మూసేయాలన్నా మెయిలే. వెబ్ పేజీ చదువుకోవడానికి మాత్రమే. ఇప్పటికి బగ్ నంబర్లు పది లక్షలు దాటాయి, ఏర్పాటు మాత్రం మారలేదు. అది నిలబడిందంటే రిపోర్ట్‌బగ్ అనే చిన్న ప్రోగ్రామ్ చలవ కూడా ఉంది. ఏ ప్యాకేజీ, ఏ వెర్షను, దానితో పాటు ఏమేం ఇన్‌స్టాల్ అయి ఉన్నాయి అన్నదంతా అదే రాసి మెయిల్‌లో పెడుతుంది, మనిషి మర్చిపోవడానికి వీల్లేకుండా. మీ వినియోగదారులు కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో బతికేవాళ్లైతే ఈ దారి చక్కగా నడుస్తుంది. మామూలు జనం వాడే యాప్‌కు ఇది పెట్టారంటే రిపోర్టులే రావు.

బగ్‌జిల్లా 1998లో, ఇప్పుడు ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా కోసం పుట్టింది. ఆఫీసు పనుల సాఫ్ట్‌వేర్ లిబ్రెఆఫీస్, లైనక్స్ డెస్క్‌టాప్ కేడీఈ, డెబియన్ లాంటి ఇంకో పంపిణీ ఫెడోరా ఇప్పటికీ దాని మీదే ఉన్నాయి. చూపుకు పాతగా ఉంటుంది, కొత్తవాళ్లకు ఆ గడులన్నీ చూస్తే టెన్షన్ వస్తుంది. కానీ రిపోర్టులు వేలల్లోకి వెళ్లాక ఆ గడులే కాపాడతాయి. ఏ భాగం, ఏ వెర్షనులో మొదలైంది, ఏ బగ్ దేన్ని ఆపుతోంది, ఇవన్నీ విడివిడి గడుల్లో ఉంటాయి కాబట్టి ఎలా కావాలంటే అలా వెతుక్కోవచ్చు. గిట్‌హబ్‌లో ఇదే సమాచారాన్ని లేబుళ్లతో నడిపించాలి. లేబుళ్లు తగిలించే మనిషి నెల రోజులు రాకపోతే వెతుకులాట కూడా అక్కడే ఆగిపోతుంది.

అయినా చాలా ప్రాజెక్టులు కోడ్ ఉన్నచోటికే మారాయి. ఇంకో లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ 2018లో బగ్‌జిల్లా వదిలి గిట్‌ల్యాబ్‌కు వచ్చింది. కంపైలర్ల ప్రాజెక్టు ఎల్ఎల్‌వీఎమ్ 2021 చివర్లో, ప్రోగ్రామింగ్ భాష పైథాన్ 2022 ఏప్రిల్‌లో గిట్‌హబ్ ఇష్యూస్‌కు వచ్చాయి. కారణం సూటిగానే ఉంది. కొత్తగా వచ్చేవాళ్లకు అక్కడ అకౌంట్ ముందే ఉంటుంది, ప్యాచ్‌కూ (కోడ్ సవరణకూ) బగ్‌కూ లింకు దానంతటదే పడుతుంది. కేడీఈ మాత్రం కోడ్‌ను గిట్‌ల్యాబ్‌లో, బగ్‌లను బగ్‌జిల్లాలో ఉంచుకుని రెండు పడవల మీదా నిలబడగలిగింది. వినియోగదారులు వేరు, డెవలపర్లు వేరు అయిన ప్రాజెక్టుకు అది తప్పేమీ కాదు.

కొత్తగా మొదలుపెడుతున్నవాళ్లకు నా సలహా ఒకటే: కోడ్ ఎక్కడుంటే ఇష్యూస్ అక్కడే పెట్టుకోండి, ఖాళీ పెట్టె కాకుండా ఫారం పెట్టండి. ఇప్పటికే బగ్‌జిల్లాలో పదేళ్ల చరిత్ర ఉంటే కేవలం అందం కోసం మారొద్దు. మారక తప్పకపోతే పాత బగ్ నంబరు కొడితే కొత్త చోటికి తీసుకెళ్లేలా లింకులు ముందే సిద్ధం చేసుకోండి. పాత కమిట్ సందేశాల్లో, అంటే ప్రతి కోడ్ మార్పుతో పాటు రాసిన మాటల్లో, ఆ నంబర్లే ఉంటాయి.

ఏరే మనిషి ఎవరు

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన ఎంపిక ఇది. నాలుగు రకాలు చూశాను.

ఒకటి, భాగానికి ఒక యజమాని. మొజిల్లాలో ప్రతి కాంపోనెంట్‌కూ (కోడ్ భాగానికీ) ట్రయాజ్ ఓనర్ అని ఒక మనిషి పేరు రాసి ఉంటుంది. కొత్త బగ్ అక్కడికి వస్తే తీవ్రత తేల్చే బాధ్యత ఆ మనిషిది. ఎస్1 నుంచి ఎస్4 దాకా నాలుగే మెట్లు. బగ్ తప్పు కాంపోనెంట్‌లో పడకుండా పాత బగ్‌ల చరిత్ర మీద శిక్షణ ఇచ్చిన బగ్‌బగ్ అనే మెషీన్ లెర్నింగ్ టూల్ సాయం చేస్తుంది. ఇది జీతాలిచ్చే సంస్థ వెనక ఉంటే బాగా నడిచే పద్ధతి. వాలంటీర్ల ప్రాజెక్టులో యజమాని ఉద్యోగం మారినా, ఇంట్లో పిల్లాడు పుట్టినా ఆ భాగం అనాథ అవుతుంది, ఆ సంగతి ఆరు నెలల దాకా ఎవరికీ తెలియదు.

రెండు, వారానికొకరు వంతు వేసుకోవడం. చిన్న జట్టుకు ఇది బంగారం. వంతు ఎవరిదో తెలుస్తుంది కాబట్టి “ఎవరో ఒకరు చూస్తారులే” అన్న మాట రాదు.

మూడు, వాడేవాళ్లనే ట్రయాజ్‌లోకి తీసుకోవడం. లిబ్రెఆఫీస్ దారి ఇది. దీని గురించి కింద కొంచెం ఎక్కువగా చెబుతాను.

నాలుగు, డబ్బిచ్చి ఒక మనిషిని పెట్టుకోవడం. వెబ్‌సైట్లు కట్టడానికి వాడే జాంగో వెనకున్న ఫౌండేషన్ 2014 నుంచి ఫెలోలు అనే పేరుతో ఇదే చేస్తోంది. టికెట్లు (వచ్చిన రిపోర్టులు) ఏరడం, వాలంటీర్ల ప్యాచ్‌లు చదివి జవాబివ్వడం, రిలీజ్‌లు తీయడం, ఇవే వాళ్ల పని. కొత్త సదుపాయాలు రాయడం ముఖ్యోద్దేశం కాదు. జాంగోలో ఇంకో నియమం నాకు బాగా నచ్చుతుంది. ప్యాచ్ రాసిన మనిషి తన టికెట్‌ను తానే “చేర్చడానికి సిద్ధం” అని గుర్తు పెట్టకూడదు, వేరే ఎవరైనా చూసి పెట్టాలి. ఖర్చు లేని నియమం, ఏ ప్రాజెక్టైనా రేపటి నుంచే పెట్టుకోవచ్చు. మీ ప్రాజెక్టుకు ఎప్పుడైనా విరాళాల రూపంలో కొంత డబ్బు వస్తే లోగోకూ వెబ్‌సైట్‌కూ పెట్టే ముందు నెలకు కొన్ని గంటలు ఈ పనికి ఇవ్వండి అంటాను. వాలంటీర్లు ఇష్టంగా చేసే పనికి డబ్బు అవసరం లేదు. ఎవరూ ఇష్టపడని పనికే అవసరం.

లిబ్రెఆఫీస్ పద్ధతి దగ్గర నుంచి

లిబ్రెఆఫీస్ 2010 సెప్టెంబరులో ఓపెన్ఆఫీస్ నుంచి విడిపోయి మొదలైంది. దాన్ని వాడేవాళ్లలో ఎక్కువమంది గుమస్తాలు, టీచర్లు, విద్యార్థులు. వాళ్లకు కోడ్ తెలియదు, కానీ తమ ఫైలు నిన్నటిదాకా బాగా తెరుచుకుని ఇవాళ పాడైందని తెలుసు. వాళ్ల చేత ట్రయాజ్ చేయించగలగడమే ఈ పద్ధతి గొప్పతనం.

కొత్త బగ్ “ఖరారు కాలేదు” అన్న స్థితిలో పడుతుంది. పంపినవాళ్లే కాకుండా ఇంకొకరు తమ మెషీన్‌లో అదే చూసి ఖరారు చేస్తేనే అది “కొత్త” స్థితికి వెళ్తుంది. సమాచారం చాలకపోతే “వివరాలు కావాలి” అని పెట్టి, ఏం కావాలో అడుగుతారు. ఇదంతా చేయడానికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు. ఓపిక, రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి చూసే అలవాటు ఉంటే చాలు.

తర్వాత వచ్చేది బిబిసెక్ట్. ఇది నిజంగా తెలివైన ఏర్పాటు. రిగ్రెషన్ అంటే ముందు బాగా ఉండి తర్వాత పాడైనది. ఏ మార్పు దాన్ని పాడుచేసిందో కనిపెట్టాలంటే మామూలుగా ప్రతి పాత కోడ్‌నూ మళ్లీ బిల్డ్ చేసి, అంటే దాన్నుంచి నడిచే ప్రోగ్రామ్ తయారుచేసి, చూడాలి. లిబ్రెఆఫీస్ అంత పెద్ద కోడ్‌ను ఇంటి కంప్యూటర్‌లో ఒక్కసారి బిల్డ్ చేయాలంటేనే గంటలు పడుతుంది. అందుకని వాళ్లు ముందే బిల్డ్ చేసిన ప్రోగ్రామ్‌లను వరసగా ఒక గిట్ రిపాజిటరీలో దాచిపెట్టారు. మీరు అది దించుకుని, మధ్యలో ఉన్నదాన్ని తెరిచి, మీ ఫైలు పెట్టి చూస్తారు. బాగుందా, పాడైందా అని చెబితే సగం పోతుంది. మళ్లీ మధ్యది. వెయ్యి బిల్డ్‌లు ఉన్నా పది సార్లు చూస్తే దోషి కమిట్ దొరుకుతుంది. ఒక్క లైను కోడ్ రాయని మనిషి, “ఫలానా రోజు ఫలానా మార్పుతో పాడైంది” అని డెవలపర్ ముందు పెట్టగలడు. అలాంటి బగ్ సరైపోయే అవకాశం మిగతావాటికంటే చాలా ఎక్కువ, ఎందుకంటే ఆ మార్పు చేసిన మనిషికి అది ఇంకా గుర్తుండే ఉంటుంది.

ఫైర్‌ఫాక్స్‌కు మొజ్‌రిగ్రెషన్, రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషకు కార్గో బిసెక్ట్ రస్ట్‌సీ అని ఇలాంటి టూల్సే ఉన్నాయి. చిన్న ప్రాజెక్టు ఇంత చేయనక్కర్లేదు. ప్రతి పాత రిలీజ్‌నూ దించుకునేలా ఉంచితే చాలు, కనీసం ఏ రెండు రిలీజ్‌ల మధ్య పాడైందో ఎవరైనా చెప్పగలుగుతారు. మేం ఒకప్పుడు పాత రిలీజ్‌లు తీసేసేవాళ్లం, ఇప్పుడు ఒక్కటి కూడా తీయం.

మన తెలుగువాళ్లు ఈ పనిలో ప్రత్యేకంగా సాయపడగల చోటు ఒకటుంది. 2017లో వచ్చిన 5.3 వెర్షను నుంచి లిబ్రెఆఫీస్ అన్ని ఆపరేటింగ్ సిస్టంల మీదా అక్షరాల కూర్పుకు హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజిన్‌ను వాడుతోంది. ఒక వత్తు తప్పు చోట పడితే తప్పు ఫాంటుదా, హార్ఫ్‌బజ్‌దా, లిబ్రెఆఫీస్‌దా? ముందు అదే మాటను అదే యాప్‌లో ఇంకో ఫాంటుతో చూడండి. అప్పుడు సరిగ్గా వస్తే మొదటి ఫాంటు మీద అనుమానం. ఏ ఫాంటుతోనూ సరిగ్గా రాకపోతే, అదే మాటను హార్ఫ్‌బజ్‌తో వచ్చే హెచ్‌బి వ్యూ అనే చిన్న టూల్‌లో వేసి చూడండి. అక్కడా తప్పైతే ఇంజిన్ వైపు, అక్కడ బాగుంటే యాప్ వైపు. కర్సర్ వత్తు మధ్యలో ఆగడం, బ్యాక్‌స్పేస్ కొడితే మొత్తం అక్షరం పోవడం లాంటివి ఎక్కువగా యాప్‌వే. ఈ తేడా తేల్చి పంపిన రిపోర్టు సరైన గుమ్మంలోకి వెళ్తుంది. తెలుగు చదవడం రాని డెవలపర్‌కు ఏది తప్పో, ఏది ఒప్పో బొమ్మ గీసి చూపించడం కూడా మనమే చేయాలి. “తప్పుగా ఉంది” అని రాస్తే ఆయనకు రెండు బొమ్మలూ ఒకేలా కనిపిస్తాయి.

తీవ్రత ఒకటా, తీవ్రతతో పాటు ప్రాధాన్యం కూడానా

ఎంత నష్టం చేస్తోంది అన్నది తీవ్రత. ఎంత త్వరగా చూడాలి అన్నది ప్రాధాన్యం. ఎప్పుడో ఒకసారి, ఎవరూ వాడని పాత ఫార్మాట్‌లో ఫైలు మొత్తం పోతే తీవ్రత చాలా ఎక్కువ, ప్రాధాన్యం తక్కువ కావచ్చు. మొదటి తెర మీదే ప్రాజెక్టు పేరు తప్పుగా పడితే తీవ్రత ఏమీ లేదు, కానీ రేపటికల్లా సరిచేయాలి.

డెబియన్ ఒక్క తీవ్రతతోనే నడుస్తుంది. క్రిటికల్ నుంచి విష్‌లిస్ట్ దాకా ఏడు మెట్లు, పై మూడూ రిలీజ్‌ను ఆపేవి. లిబ్రెఆఫీస్ రెండు గడులూ ఉంచుకుంది, ఎలా నింపాలో బొమ్మ గీసి మరీ చెబుతుంది. సర్వర్ల మీద ప్రోగ్రామ్‌లను నడిపించే కుబర్నెటీస్‌లో ప్రాధాన్యపు లేబుళ్లు “ఇప్పుడే చూడాలి” నుంచి “ఇంకా ఆధారం కావాలి” దాకా ఉంటాయి.

పదిమంది లోపు ప్రాజెక్టుకు రెండు గడులు అనవసరం. మూడు లేబుళ్లు చాలు: డేటా పోతోంది లేదా యాప్ పడిపోతోంది, పని ఆగిపోతోంది, మిగతావి. ఏడు మెట్లు పెట్టుకుంటే నాలుగోదా ఐదోదా అన్న వాదనకే సాయంత్రం అయిపోతుంది.

కదలని బగ్‌లను మూసేయాలా

దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది.

కుబర్నెటీస్‌లో ఒక ఇష్యూ మీద 90 రోజులు ఎవరూ ఏమీ రాయకపోతే బాట్ (తనంతట తాను పనిచేసే ప్రోగ్రామ్) దానికి “స్టేల్”, అంటే పాతబడింది, అని ముద్ర వేస్తుంది. ఇంకో 30 రోజులకు “రాటెన్”, ఇంకో 30కి మూసేయడం. వద్దనుకుంటే ఒక కామెంట్‌తో ఆపొచ్చు, “ఫ్రోజెన్” అని పెడితే బాట్ ముట్టుకోదు. రోజూ లెక్కలేనన్ని ఇష్యూలు వచ్చే ప్రాజెక్టుకు ఇది తప్పనిసరే కావచ్చు. కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్ కొత్త సదుపాయాల కోరికలకు 60 రోజుల్లో 20 ఓట్లు రావాలంటుంది. కోరికల వరకు అది న్యాయమే.

లాంచ్‌ప్యాడ్ అనే తన బగ్ ట్రాకర్‌లో ఉబుంటు లైనక్స్ దారి వేరు. వివరాలు అడిగి, “ఇన్‌కంప్లీట్” అని పెట్టి, 60 రోజులు జవాబు లేకపోతేనే గడువు తీరుతుంది. లిబ్రెఆఫీస్ కూడా అంతే, “వివరాలు కావాలి” అన్న బగ్‌కు ఆరు నెలలు చూసి, గుర్తు చేసి, ఇంకో నెల ఆగి మూస్తుంది.

ఈ రెంటికీ తేడా చూడండి. ఒకచోట ప్రాజెక్టు మౌనంగా ఉన్నా బగ్ మూతపడుతుంది. ఇంకోచోట ప్రాజెక్టు అడిగాక రిపోర్టు ఇచ్చినవాళ్లు మౌనంగా ఉంటేనే మూతపడుతుంది. చిన్న ప్రాజెక్టులు కుబర్నెటీస్‌ను చూసి మొదటిది పెట్టుకుంటాయి, అక్కడున్నంత మనుషులు మాత్రం ఉండరు. ఒకాయన గంట కూర్చుని, ఫైలు జత చేసి, వరస క్రమంలో అన్నీ రాసి పంపాడు. ఎవరూ తెరవలేదు. మూడు నెలలకు బాట్ వచ్చి “ఇది పాతబడింది” అంది. ఆయన మళ్లీ రిపోర్టు రాస్తాడా? బగ్ పాతబడలేదు, మనం చూడలేదు, అంతే. కాబట్టి మూసేసే బాట్ పెట్టుకోవాలంటే “వివరాలు కావాలి” లేబుల్ ఉన్నవాటికి మాత్రమే పెట్టండి. తెరిచి ఉన్న బగ్‌ల సంఖ్య పెద్దదిగా కనిపిస్తే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

రిలీజ్: తేదీ నిలబెట్టుకోవాలా, బగ్ అయిపోయేదాకా ఆగాలా

రస్ట్ ఆరు వారాలకొకసారి రిలీజ్ చేస్తుంది, ఒక మార్పు సిద్ధం కాకపోతే దాన్ని తీసి పక్కన పెడుతుంది, తేదీని జరపదు. డెబియన్ “సిద్ధమైనప్పుడు” విడుదల చేస్తుంది. రిలీజ్‌ను ఆపే బగ్ ఉన్న ప్యాకేజీ, కొత్తవి మొదట వచ్చే అన్‌స్టేబుల్ నుంచి తర్వాతి రిలీజ్‌గా మారే టెస్టింగ్‌లోకి వెళ్లదు. అప్పటికే అక్కడ ఉంటే, చాలా సందర్భాల్లో తొలగిస్తారు కూడా.

ఫెడోరా మధ్యదారి. ఏడాదికి రెండు రిలీజ్‌లు అనుకుంటుంది, కానీ ఏ పనులు తప్పకుండా జరగాలో ముందే నియమాలుగా రాసి పెట్టుకుంటుంది. ఇన్‌స్టాల్ అవ్వాలి, నెట్‌వర్క్ రావాలి, అప్‌డేట్ అవ్వాలి, ఇలా. ఎవరైనా ఒక బగ్‌ను బ్లాకర్‌గా, అంటే రిలీజ్‌ను ఆపేదిగా, ప్రతిపాదించవచ్చు. నియమాన్ని ఉల్లంఘిస్తోందా లేదా అన్నదాని మీదే చర్చ, ఎవరు గట్టిగా అరిచారన్నదాని మీద కాదు. చివర్లో విడుదల చేయాలా ఆపాలా అని తేల్చే గో, నో గో సమావేశం ఉంటుంది. 2022లో ఫెడోరా 37 దాదాపు సిద్ధమయ్యాక, నెట్‌వర్క్ సంభాషణలను రహస్యంగా ఉంచే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో పెద్ద భద్రతా లోపం బయటపడబోతోందని తెలిసి, ఆ సవరణ కోసం నవంబరు మధ్య వరకు ఆపారు.

చిన్న ప్రాజెక్టుకు నేను ఫెడోరా దారే చెబుతాను. మీ యాప్ తప్పకుండా చేయాల్సిన ఐదారు పనులు ఒక ఫైలులో రాసి పెట్టండి. రిలీజ్ ముందు రోజు ఇద్దరు కూర్చుని చేతితో చేసి చూడండి. రాసి లేకపోతే రిలీజ్ రాత్రి ఒకరు “ఇది పెద్ద బగ్గే” అంటారు, ఇంకొకరు “పర్వాలేదు” అంటారు, అలసిపోయినవాళ్ల మాట ఓడిపోతుంది.

మెషీన్ పరీక్ష, మనిషి పరీక్ష

ఆటోమేటెడ్ టెస్టులు వద్దనేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. లైనక్స్ కర్నెల్‌కు సిజ్‌బాట్ నిరంతరం పిచ్చి ఇన్‌పుట్‌లు ఇచ్చి లోపాలు పట్టి పంపుతుంది. రస్ట్ క్రేటర్ అనే ఏర్పాటుతో కంపైలర్ మార్పు ప్రచురితమైన ప్యాకేజీలను పాడుచేస్తుందా అని పెద్ద ఎత్తున నడిపి చూస్తుంది. లిబ్రెఆఫీస్ పాత బగ్‌లకు జత చేసిన ఫైళ్లతో సహా లక్షకు పైగా డాక్యుమెంట్లను తెరిచి చూసే క్రాష్ పరీక్ష నడుపుతుంది. మనం ఒకసారి పంపిన ఫైలు ఏళ్ల తరబడి కాపలా కాస్తుందన్నమాట. అందుకే రహస్యం లేని నమూనా ఫైలు పంపమని అంతగా అడుగుతారు.

మనిషి చూసే వైపు ఫెడోరా వాళ్ల బోధి అనే అప్‌డేట్ల ఏర్పాటు నాకు ఇష్టం. అప్‌డేట్ ముందు టెస్టింగ్‌లోకి వస్తుంది, వాడి చూసినవాళ్లు ప్లస్ ఒకటి లేదా మైనస్ ఒకటి ఇస్తారు, సరిపడా ప్లస్‌లు వస్తే లేదా నిర్ణీత రోజులు గడిస్తే అందరికీ వెళ్తుంది. మీకు అంత సరంజామా లేకపోతే రిలీజ్‌కు వారం ముందు బీటా ఇచ్చి పదిమంది నమ్మకమైన వాళ్లను వాడమనండి.

భద్రతకు సంబంధించిన రిపోర్టు ఒక్కటి మాత్రం ఈ బహిరంగ దారిలో రాకూడదు. దానికి వేరే ఈమెయిల్ లేదా రహస్య ఫారం పెట్టి, ఎన్ని రోజుల్లో జవాబిస్తారో రాసి ఉంచండి. ఈ మధ్య ఏఐతో రాయించిన ఉత్తుత్తి భద్రతా రిపోర్టులు నెట్ నుంచి డేటా తెచ్చే టూల్ కర్ల్ లాంటి ప్రాజెక్టుల సమయాన్ని ఎంతో తినేశాయి. పని చేసే ఉదాహరణ లేనిదే చూడం అని ముందే చెప్పేయడం తప్పు కాదు.

మరి మీకు ఏది

ఒకరిద్దరు నడిపే ప్రాజెక్టైతే గిట్‌హబ్ లేదా గిట్‌ల్యాబ్ ఇష్యూస్, నాలుగైదు గడుల ఫారం, మూడు లేబుళ్లు, వారానికి ఒక గంట. బాట్లు వద్దు. ఐదు నుంచి ముప్ఫై మంది ఉంటే వారం వంతులు పెట్టుకోండి, బాగా తెలిసిన వినియోగదారులకు గిట్‌హబ్‌లో ట్రయాజ్ హోదా ఇవ్వండి. ఆ హోదాతో లేబుళ్లు పెట్టొచ్చు, ఇష్యూలు మూయొచ్చు, కోడ్ మాత్రం మార్చలేరు. వినియోగదారులు లక్షల్లో ఉండి డెవలపర్లు తక్కువగా ఉంటే లిబ్రెఆఫీస్ దారి, బగ్‌జిల్లాతో సహా. ప్యాకేజీలు కూర్చే పంపిణీ అయితే డెబియన్, ఫెడోరాలను చూసి నేర్చుకోండి. వెనక సంస్థ ఉంటే మొజిల్లా పద్ధతిలో భాగానికో యజమానిని పెట్టండి, సెలవు పెడితే ఎవరు చూస్తారో కూడా పక్కనే రాయండి.

మేం వారం వంతులు ఎంచుకున్నాం. నలుగురికి నాలుగు వారాలు, శనివారం పొద్దున ఒక గంట. ఫారం తెలుగులో కూడా పెట్టాం, తెలుగులో రాసినా తీసుకుంటామని పైన రాశాం. కిందటి నెల నా వంతులో ఒక టీచరమ్మ నుంచి రిపోర్టు వచ్చింది. “స్త్రీ అన్న మాటలో కింద వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయండి” అని రాసి, మాటను పేస్ట్ చేసి, ఫొటో పెట్టారు. ఫోన్ మోడలు అడిగాను, ఆ సాయంత్రమే చెప్పారు. వేరే ఫాంటుతో చూస్తే బాగానే ఉంది, కాబట్టి తప్పు ఫాంటుది. ఆమె మాటలనే ఇంగ్లిష్‌లోకి మార్చి, సరైన బొమ్మా తప్పు బొమ్మా పక్కపక్కన పెట్టి ఫాంటు ప్రాజెక్టుకు పంపాను. మా దగ్గర ఆ ఇష్యూను మూయలేదు. ఫాంటు కొత్త వెర్షను వచ్చాక ఆ ఫోన్‌లో మళ్లీ చూడాలని, చూసి ఆమెకు చెప్పాలని దాని కింద రాసి పెట్టుకున్నాను.